యూకేలో కారవాన్ ట్రిప్: కుళాయి మాత్రమే ఉన్న పొలమా, అన్ని వసతులున్న సైటా?

యూకేలో మోటర్‌హోమ్ అద్దెకు తీసుకునే మనవాళ్లు బండి గురించి అడగని ప్రశ్న ఉండదు. ఎన్ని బెర్తులు, గేర్లు ఆటోమేటికా, వెనక కెమెరా ఉందా అని అన్నీ కనుక్కుంటారు. ఆ బండిని రాత్రికి ఎక్కడ ఆపాలన్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఫొటోలో కొండో చెరువో కనిపిస్తే చాలు, బుక్ చేసేస్తారు. తీరా వెళ్లాక కొందరికి అక్కడ కరెంటే ఉండదు. ఇంకొందరు ఒక్కసారి కూడా వాడని కుళాయికీ డ్రెయిన్‌కీ రోజూ అదనంగా డబ్బు కట్టి వస్తారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లలతో మూడు నాలుగు రోజులు తిరిగి వచ్చే కుటుంబానికి ఈ రెండు కొసలూ అక్కర్లేదు. కరెంటు, గట్టి నేల, దగ్గర్లో శుభ్రమైన బాత్‌రూమ్ బ్లాక్, ఈ మూడూ ఉన్న మామూలు పిచ్ (సైట్‌లో బండి నిలుపుకునే చోటు) చాలు. పూర్తి వసతుల పిచ్‌కి డబ్బు పెట్టాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. ఏమీ లేని పొలమే హాయిగా ఉండే సందర్భాలూ ఉన్నాయి. అవేమిటో తెలియాలంటే నీళ్లు, టాయిలెట్, కరెంటు, నేల, ఈ నాలుగూ బండిలో ఎలా నడుస్తాయో తెలియాలి.

ముందు బేసిక్ సైటు సంగతి. ఇక్కడ రెండు పెద్ద క్లబ్బులున్నాయి. 1901లో మొదలైన క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్ ఒకటి, 1907 నాటి కారవాన్ అండ్ మోటర్‌హోమ్ క్లబ్ ఇంకొకటి. 1960లో వచ్చిన కారవాన్ సైట్ల చట్టం ఇలాంటి సంస్థలకు ఒక వెసులుబాటు ఇచ్చింది. వాళ్లు సర్టిఫికెట్ ఇచ్చిన స్థలంలో ఐదు బండ్ల దాకా తమ సభ్యులను ఉండనివ్వొచ్చు, దానికి కౌన్సిల్ నుంచి విడిగా సైట్ లైసెన్సు అక్కర్లేదు. అందుకే ఎందరో రైతులు, పబ్ యజమానులు తమ స్థలంలో ఒక మూల ఐదు బండ్లకు చోటిస్తారు. మొదటి క్లబ్బు వీటిని సీఎస్ (సర్టిఫికేటెడ్ సైట్) అంటుంది, రెండోది సీఎల్ (సర్టిఫికేటెడ్ లొకేషన్) అంటుంది. ఒక్క సీఎల్‌లే దేశమంతా రెండు వేలకు పైగా ఉన్నాయి. సీఎల్ అంటే కనీసం తాగునీటి కుళాయి, టాయిలెట్ పెట్టె ఖాళీ చేసుకునే చోటు, చెత్త వేసే ఏర్పాటు ఉంటాయి. అంతకుమించి ఏమున్నా అది ఆ యజమాని ఇష్టం. ఈమధ్య చాలావాటిలో కరెంటు పెట్టారు, కొన్నింటిలో స్నానాల గది కూడా కట్టారు. కొన్ని పెద్దవాళ్లకు మాత్రమే, పిల్లలను రానివ్వరు. పిల్లలతో వెళ్లేవాళ్లు సైటు వివరాల్లో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఈ ఒక్క లైనే.

పూర్తి వసతుల పిచ్ అంటే కంకరతోనో తారుతోనో గట్టిగా చేసిన నేల, 16 ఆంప్‌ల కరెంటు పాయింటు, మీ పిచ్ మీదే మీకో కుళాయి, వాడిన నీళ్లు పోవడానికి డ్రెయిన్, చాలాచోట్ల టీవీ ఏరియల్ సాకెట్. పెద్ద క్లబ్ సైట్లలోనూ హాలిడే పార్కుల్లోనూ ఇవి కొన్నే ఉంటాయి, మిగతావన్నీ కరెంటు మాత్రమే ఉన్న మామూలు పిచ్‌లు.

అన్ని వసతులూ అన్న మాటలో టాయిలెట్ లేదు. ఇక్కడి బండ్లలో ఎక్కువగా ఉండేది క్యాసెట్ టాయిలెట్, దాన్ని మీరే మోసుకెళ్లి ఖాళీ చేయాలి, పిచ్‌కి మీరు ఎంత కట్టినా సరే. డాలస్‌లోనో బే ఏరియాలోనో ఉన్న బంధువు 'ఫుల్ హుకప్ తీసుకోండి, పైపు తగిలిస్తే అంతా అదే పోతుంది' అని సలహా ఇస్తే అది అమెరికా ఆర్వీల (అక్కడి మోటర్‌హోమ్‌ల) సంగతి. అక్కడ మురుగు కనెక్షన్ కూడా పిచ్ మీదే ఉంటుంది. ఇక్కడి డ్రెయిన్ గిన్నెలు కడిగిన నీళ్లకూ స్నానం నీళ్లకూ మాత్రమే.

ఆ క్యాసెట్ పని ఎలా ఉంటుందంటే, బండి పక్కన బయటివైపు చిన్న తలుపు ఉంటుంది. అది తీసి, క్లిప్ నొక్కి పెట్టెను బయటికి లాగాలి. 17 నుంచి 20 లీటర్లు పట్టే పెట్టె అది, నిండితే దాదాపు ఇరవై కిలోలు. చాలావాటికి చిన్న చక్రాలూ పిడీ ఉంటాయి కాబట్టి ఈడ్చుకుంటూ పోవచ్చు, కానీ గడ్డి మీద ఆ చక్రాలు తిరగవు. ఖాళీ చేసే చోట గొట్టాన్ని పక్కకు తిప్పి, మూత తీసి, వంచేటప్పుడు బొటనవేలితో గాలి బటన్ నొక్కి పట్టుకోవాలి. అది వదిలేస్తే లోపలికి గాలి అందక గుటగుటమంటూ చిమ్ముతుంది, ఎక్కడెక్కడ పడుతుందో చెప్పక్కర్లేదు. తర్వాత రెండుసార్లు కడిగి, నీలం మందు కొలిచి పోసి, కాసిని నీళ్లు కలిపి మళ్లీ లోపల పెట్టాలి.

నలుగురికి ఒక క్యాసెట్ రెండు రోజులు వస్తుందని ఇక్కడివాళ్లు చెప్పే లెక్క. అది కాగితం వాడేవాళ్ల లెక్క. మనం మగ్గుతో నీళ్లు వాడతాం. ప్రతిసారీ ఒక లీటరు అదనంగా పోయినా చాలు, రోజు గడవకముందే నిండిందని ఎర్ర లైటు వెలుగుతుంది. కాబట్టి మన కుటుంబాలకు పిచ్ మీద కుళాయి ఉందా లేదా అన్నదానికంటే సైట్‌లో టాయిలెట్ బ్లాక్ ఉందా, అది మన పిచ్‌కి ఎంత దూరం అన్నదే ముఖ్యం. పగలంతా ఆ బ్లాక్ వాడుకుని, బండిలోది రాత్రికి మాత్రమే ఉంచుకుంటే క్యాసెట్ రెండు మూడు రోజులు సులువుగా వస్తుంది. బ్లాక్‌లో హ్యాండ్ షవర్ ఉండదు, సీసా మీరే పట్టుకెళ్లాలి. బ్లాక్ లేని పొలానికి నలుగురు వెళ్తే రోజుకోసారి ఆ పెట్టె మోసే మనిషెవరో ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరండి.

నీళ్ల విషయంలో మాత్రం మీది లాగే కారవానా, నడిపే మోటర్‌హోమా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. కారవాన్‌కి నీళ్లు బయట పెట్టే డ్రమ్ములోంచి వస్తాయి. 40 లీటర్ల డ్రమ్ము, పిడి తగిలించి కుళాయి దాకా దొర్లించుకుంటూ పోయి నింపుకుని రావడమే. పిల్లలు ఆ పని కోసం పోటీ పడతారు. వాడిన నీళ్లకు ఇంకో డబ్బా. ఇలాంటప్పుడు పిచ్ మీద కుళాయి కోసం అదనంగా ఇవ్వడం నా దృష్టిలో దండగ. మోటర్‌హోమ్ అలా కాదు. నీళ్ల ట్యాంకు బండిలోపలే ఉంటుంది, వంద లీటర్లో ఇంకాస్తో పడుతుంది. అయిపోతే కరెంటు కేబుల్ పీకి, ఆనింగ్ (బండి పక్కన వేసే గుడ్డ పందిరి) చుట్టి, కుర్చీలు లోపల వేసి, పొయ్యి మీద గిన్నెలు సర్ది, బండిని నీళ్లు నింపుకుని వాడినవి వదిలే సర్వీస్ పాయింట్ దాకా నడుపుకెళ్లాలి. నలుగురూ బండిలోనే స్నానాలు చేసి, మూడు పూటలా వండుకుంటే వంద లీటర్లు ఒకటిన్నర రోజు మించి రావు. నాలుగైదు రాత్రులు కదలకుండా ఒకేచోట ఉండే మోటర్‌హోమ్ కుటుంబానికి పూర్తి వసతుల పిచ్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. రోజూ బండి తీసి ఊళ్లు చూడ్డానికి వెళ్లేవాళ్లకు మాత్రం ఎలాగూ దారిలోనే సర్వీస్ పాయింట్ తగులుతుంది, పిచ్ మీద కుళాయితో పని లేదు.

ఇంకో సంగతి. బేసిక్ సైటుకే కదా అని ఇంటి దగ్గరే ట్యాంకు నిండా నింపుకుని బయల్దేరితే వంద లీటర్లంటే వంద కిలోల బరువు. అద్దె బండ్లలో చాలావాటికి మొత్తం బరువు 3,500 కిలోలు దాటకూడదు. ఆరుగురు మనుషులు, బియ్యం, కుక్కర్లు, పిల్లల సైకిళ్లు వేశాక ఆ హద్దు మీరనుకున్నంత దూరంలో ఉండదు. సైటుకి దగ్గర్లో నింపుకోవడం నయం.

మన వంట వల్ల వచ్చే చిక్కు ఇంకోటి ఉంది. పోపు నూనె, పసుపు, సాంబారు అడుగు, ఇవన్నీ సింకులోంచి వాడిన నీళ్ల ట్యాంకులోకే పోతాయి. ఎండాకాలం రెండో రోజుకి ఆ వాసన బండిలోకి తిరిగి వస్తుంది. ఆ నీళ్లను పొలంలో పారబోయడం చేయకూడని పని. కొందరు యజమానులు కంచె మొదట్లో పోయమంటారు గానీ అది వాళ్లు చెప్తేనే. కంచాలూ మూకుళ్లూ ముందు కాగితంతో తుడిచి చెత్తలో వేసి, తర్వాత కడిగితే ఎక్కడైనా గొడవ ఉండదు. రోజూ రెండు కూరలు, చారు, వేపుడు వండాల్సిందే అనుకునే ఇల్లయితే డ్రెయిన్ ఉన్న పిచ్ తీసుకోండి.

ఇక కరెంటు. 16 ఆంప్‌ల పాయింటు అంటే 230 వోల్టుల దగ్గర 3,680 వాట్లు. 10 ఆంప్‌లు అయితే 2,300. కొన్ని పాత పొలాల్లో 6 ఆంప్‌లే ఇస్తారు, అంటే 1,380 వాట్లు. ఇంట్లో వాడే కెటిల్ ఒక్కటే 3,000 వాట్ల దాకా లాగుతుంది. ఇండక్షన్ స్టవ్ 2,000. ఎంత ఖరీదైన పిచ్ అయినా ఒకపక్క కెటిల్, ఇంకోపక్క ఇండక్షన్ పెట్టి, హీటర్ కూడా వేస్తే స్విచ్ ట్రిప్ అయి కరెంటు పోతుంది. కొన్ని సైట్లలో మీరే స్విచ్ ఎత్తుకోవచ్చు, కొన్నిచోట్ల పాయింటుకి తాళం వేసి ఉంటుంది, సైటు చూసుకునే వార్డెన్ వచ్చేదాకా ఆగాలి. రైస్ కుక్కర్ 700 వాట్ల చుట్టూ ఉంటుంది కాబట్టి 10 ఆంప్‌ల దగ్గర కూడా దానికి భయం లేదు. కేబుల్‌ని సగం చుట్టలోనే ఉంచి వాడకండి, చుట్ట వేడెక్కుతుంది. పాతిక మీటర్లూ విప్పి బండి కింద వదులుగా పరిచేయాలి.

కరెంటు లేని పొలంలో వంటకు గ్యాస్ పొయ్యి ఉంటుంది, చిన్న ప్రెషర్ కుక్కర్ దాని మీద బాగానే నడుస్తుంది. మిక్సీ మాత్రం మర్చిపోండి. 750 వాట్ల మిక్సీని ఇన్వర్టర్ మీద తిప్పాలంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి అరవై ఆంప్‌లకు పైగా లాగాలి, అద్దె బండ్లలో అలాంటి ఏర్పాటు ఉండదు. కొబ్బరి పచ్చడి, అల్లం వెల్లుల్లి ముద్ద ఇంటి దగ్గరే చేసి డబ్బాల్లో పెట్టుకోవాలి.

బ్యాటరీ ఎన్ని రాత్రులు వస్తుందన్నది ఎక్కువగా ఫ్రిజ్ మీద ఆధారపడి ఉంటుంది. దీన్ని అద్దెకిచ్చేవాళ్లను అడగనివాళ్లే ఎక్కువ. పెద్ద మోటర్‌హోమ్‌లలో చాలావాటిలో గ్యాస్‌తో కూడా నడిచే ఫ్రిజ్ ఉంటుంది. అలాంటి బండిలో 100 ఆంప్ అవర్ మామూలు బ్యాటరీ ఉంటే, దాన్ని సగం దాకే వాడాలి అనుకున్నా, లైట్లకూ నీళ్ల పంపుకీ ఫోన్లకూ రెండు రాత్రులు వస్తుంది. చిన్న క్యాంపర్ వ్యాన్లలో ఉండేది కంప్రెసర్ ఫ్రిజ్, అది బ్యాటరీ మీదే నడుస్తుంది. సోలార్ ప్యానెల్ లేకపోతే రెండో రోజు సాయంత్రానికి బ్యాటరీ చేతులెత్తేస్తుంది. జులైలో ప్యానెల్ బాగా ఆదుకుంటుంది. అక్టోబర్‌లో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. గ్యాస్ ఫ్రిజ్‌కి ఇంకో పేచీ ఉంది. బండి ఒకపక్కకి వాలి ఉంటే అది సరిగ్గా చల్లబడదు. పొలాలన్నీ సమంగా ఉండవు కాబట్టి చక్రాల కింద వేసే ర్యాంపులు బండిలో ఉన్నాయో లేదో చూసుకోండి.

చలికాలం వెళ్తే గ్యాస్ బండ రకం కూడా అడగాలి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కాదు, హీటర్ ఆగిపోతుంది. ప్రొపేన్‌కి ఆ బాధ లేదు. ఏప్రిల్‌లో కూడా లేక్ డిస్ట్రిక్ట్‌లోనో స్కాట్లాండ్‌లోనో రాత్రిళ్లు సున్నా దగ్గరకు పోతుంటాయి. అంత చలిలో కరెంటు లేని చోటికి పసిపిల్లలను తీసుకెళ్లమని నేనైతే చెప్పను.

నేల గురించి ఎవరూ ఆలోచించరు, వాన పడేదాకా. ఇక్కడి మోటర్‌హోమ్‌లు ఎక్కువగా ముందు చక్రాలతో లాగే వ్యాన్ల మీద కట్టినవి. వెనక బరువంతా వేసుకుని తడి గడ్డి మీద ఎక్కేటప్పుడు ముందు చక్రాలు అక్కడే తిరుగుతూ గుంట చేసుకుంటాయి. రైతు ట్రాక్టర్ తెచ్చి లాగుతాడు, నవ్వుతూనే లాగుతాడు, కానీ ఆదివారం పొద్దున్న పదింటికి బండి అప్పగించాల్సిన మనిషికి అది ఎంత టెన్షన్! వారం ముందు నుంచీ వానలుంటే బేసిక్ సైటు యజమానికి ఫోన్ చేసి గట్టి నేల ఉందా అని అడగండి. వాళ్లు నిజమే చెప్తారు, పొలం పాడయ్యేది వాళ్లది కదా. గట్టి నేల పిచ్‌లోనూ ఒక ఇబ్బంది ఉంది. ఆనింగ్ మేకులు మామూలువి దిగవు, రాతినేలకు వాడే గట్టి మేకులు కావాలి.

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వేసే ట్రిప్పులకు లెక్క వేరే. వాళ్లకు మే, జూన్‌లో కూడా ఇక్కడి రాత్రి చలే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రాత్రి రెండుసార్లు లేస్తారు, చీకట్లో తడి గడ్డి మీద నడిపించకూడదు. ఇన్సులిన్ ఉంటే ఫ్రిజ్ ఆగకూడదు, నిద్రలో శ్వాస మెషీన్ వాడేవాళ్లకు రాత్రంతా కరెంటు ఉండాలి. ఇలాంటప్పుడు ఆలోచించకుండా పూర్తి వసతుల పిచ్ తీసుకోండి, అదీ టాయిలెట్ బ్లాక్‌కి దగ్గరగా ఉన్నది అడిగి మరీ తీసుకోండి. బ్లాక్‌లో వికలాంగుల కోసం ఉండే వెడల్పాటి గది, పట్టుకోవడానికి కడ్డీలు ఉన్నాయేమో కూడా కనుక్కోండి. నాన్నగారు మొహమాటంతో 'నాకేం పర్వాలేదురా' అంటారు, ఆ మాట నమ్మి పొలంలో బుక్ చేయకండి.

డబ్బు మాటకొస్తే, కరెంటు లేని ఐదు బండ్ల పొలాలు చాలావరకు రాత్రికి 10 నుంచి 20 పౌండ్ల మధ్య ఉంటాయి. దానికి క్లబ్ సభ్యత్వం ఖర్చు కలుపుకోవాలి. పేరున్న చోట పూర్తి వసతుల పిచ్ ఆగస్టులో 40, 50 పౌండ్లు దాటడం మామూలే. సొంత కారవాన్ ఉండి ఏడాది పొడవునా తిరిగేవాళ్లకు ఈ తేడా పెద్దదే, వాళ్లు పొలాల వైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు. కానీ అద్దె మోటర్‌హోమ్‌కే ఆగస్టులో రాత్రికి వంద పౌండ్లకు పైగా పెడుతున్న మనిషి పిచ్ దగ్గర పాతిక పౌండ్లు మిగిల్చి, సగం సెలవు నీళ్లు మోయడంలో గడపడం లెక్కకు నిలిచే పొదుపు కాదు. మొత్తం ఖర్చు మీద చూడండి, పిచ్ ధర ఒక్కటే చూడకండి.

బేసిక్ సైటు పక్షాన కూడా మాట్లాడాలి, ఎందుకంటే అది నాకు ఇష్టమైనది. ఇద్దరే వెళ్తుంటే, జూన్‌లో రెండు రాత్రులకు, ఇంతకంటే మంచిది దొరకదు. రాత్రి పదింటిదాకా వెలుతురు, చుట్టూ మూడో నాలుగో బండ్లు, గేటు అవతల గొర్రెలు. పెద్ద సైట్లలో పక్క బండి టీవీ శబ్దం, పిల్లల స్కూటర్లు, వాష్‌రూమ్ దగ్గర క్యూ తప్పవు. నాలుగైదు తెలుగు కుటుంబాలు కలిసి వెళ్లాలనుకున్నప్పుడు ఈ పొలాలే మేలు అని నేననుకుంటాను. పెద్ద సైట్లు గుంపులంటే భయపడతాయి, కొన్ని ముందే వద్దంటాయి. ఐదు బండ్ల పొలంలో నాలుగు మీవే అయితే పొలమంతా మీదే అయినట్టు. ముందే యజమానితో మాట్లాడి, ఎంతమంది వస్తున్నారో దాచకుండా చెప్పాలి. ఆటపాటలు కూడా రాత్రి పదికల్లా ఆపాలి. వాన వచ్చిందని బార్బెక్యూ కుంపటిని ఆనింగ్ లోపలికి మాత్రం తేవొద్దు, ఆరిపోయినట్టు కనిపించే బొగ్గుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు.

అసలు సైటే లేకుండా రోడ్డు పక్కన ఆపుకోవచ్చు కదా అని స్కాట్లాండ్ వెళ్లేవాళ్లు అడుగుతుంటారు. అక్కడ 2003 నాటి చట్టం నడిచి వెళ్లి గుడారం వేసుకునేవాళ్లకు హక్కు ఇచ్చింది, మోటారు వాహనాలకు ఇవ్వలేదు. కాబట్టి దాన్ని ప్లాన్‌లో పెట్టుకోకండి.

స్కాట్లాండ్‌లోనే ఇన్వర్నెస్ నుంచి మొదలుపెట్టి నార్త్ కోస్ట్ 500 లాంటి వారం రోజుల చుట్టు తిరిగేవాళ్లు ఒకే రకానికి కట్టుబడక్కర్లేదు. రెండు రాత్రులు పొలంలో, మూడో రాత్రి అన్నీ ఉన్న సైట్‌లో. ఆ మూడో రోజు క్యాసెట్ శుభ్రంగా కడిగి, ట్యాంకు నింపి, బట్టలు ఉతికి, బ్యాటరీ పూర్తిగా ఎక్కించుకుని, అందరూ వేడినీళ్లతో తలంట్లు పోసుకుని బయల్దేరవచ్చు. నా లెక్కలో ఖర్చుకీ హాయికీ ఇదే సరైన బేరం. బండి తీసుకున్న మొదటి రాత్రి మాత్రం అన్నీ ఉన్న చోటే ఉండండి. హీటర్ ఎలా వేయాలో, పంపు స్విచ్ ఎక్కడుందో, గ్యాస్ ఎందుకు అంటుకోవడం లేదో తేలేది ఆ రాత్రే. అక్కడైతే వార్డెన్ ఉంటాడు, పక్క బండిలో నలభై ఏళ్లుగా కారవాన్ లాగుతున్న పెద్దాయన ఒకరు తప్పకుండా ఉంటారు, అడక్కుండానే వచ్చి చూపిస్తారు.

బుకింగ్ పద్ధతి కూడా రెండింటికీ వేరు. పెద్ద సైట్లు ఆన్‌లైన్‌లో నెలల ముందే తెరుస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో జులై చివరి నుంచి సెప్టెంబర్ మొదటి వారం దాకా బడి సెలవులు కాబట్టి ఆ వారాల్లో పూర్తి వసతుల పిచ్‌లే ముందు అయిపోతాయి. పొలాలకు చాలావరకు ఫోనే చేయాలి, అదీ సాయంత్రం పూట, యజమాని పనులు ముగించుకుని ఇంట్లో ఉన్నప్పుడు. కొందరు ఇప్పటికీ నగదే అడుగుతారు, ఆ పల్లెల్లో ఏటీఎం వెతుక్కోవడం కష్టం కాబట్టి పౌండ్లు జేబులో ఉంచుకోండి. కొండల మధ్య పొలాల్లో ఫోన్ సిగ్నల్ ఉండకపోవచ్చు, సోమవారం పొద్దున్న అక్కడి నుంచే ఆఫీసు కాల్‌లో కూర్చోవాలనుకునేవాళ్లు మీ నెట్‌వర్క్ పేరు చెప్పి మరీ ఆ సంగతి అడగండి.